పట్టి వదిలేసే చేప ఎవరిది?

చందానగర్‌లో ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవడానికి నీళ్లు అక్కర్లేదు. డాబా చాలు. మా అపార్ట్‌మెంట్ పైన రెండు వాటర్ ట్యాంకుల మధ్య ముప్పై అడుగుల ఖాళీ ఉంది. ఆ చివర ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టి, ఈ చివర నిలబడి తాడు విసరాలి. తాడు కొసన కట్టిన ఊలు ముక్క టబ్బులో పడాలి. కొక్కెం మాత్రం కట్టకూడదు, ఎవరి చీరైనా ఆరేసి ఉంటే పెద్ద గొడవైపోతుంది. మొదటివారం వాచ్‌మన్ పైకొచ్చి చాలాసేపు చూసి, "పావురాల కోసమా మేడం?" అని అడిగాడు.

మామూలు గాలానికీ దీనికీ తేడా ఒక్కటే. మామూలు గాలంలో బరువు ఎర దగ్గర ఉంటుంది, ఆ బరువే తాడును లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో బరువంతా తాడుది. ఎర అంటే కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన దొంగ పురుగు. ఊదితే ఎగిరిపోతుంది. అందుకే కర్రతో తాడును వెనక్కి విసిరి, అది వెనకాల పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు కొట్టాలి. ఆ ఒక్క క్షణం ఆగడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇక ఆ దొంగ పురుగుకు ముడిసరుకు ఏమిటో తెలుసా? కోడిపుంజు మెడ ఈకలు. అమెరికాలో ఈ ఈకల కోసమే ప్రత్యేకంగా కోళ్లను పెంచేవాళ్లున్నారు. మన దగ్గర పుంజు కూరయ్యాక పెంటలో పారేసే సరుకది.

ఈ పిచ్చి నాకు ఆఫీసులో అంటింది. మాదాపూర్‌లో మా టీమ్‌లో అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లలో ఒకాయన పెన్సిల్వేనియాలో తొమ్మిదేళ్లున్నాడు. అందరం ఆయన్ని అన్న అనే పిలుస్తాం. లంచ్‌లో వేరేవాళ్లు ఫ్లాట్ల రేట్లు మాట్లాడుకుంటే వీళ్లు నదుల గురించి మాట్లాడుకుంటారు. నేను చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్లనని తెలిశాక, అన్న ఒకరోజు తన పాత రాడ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మాది సంగారెడ్డి అవతల, మంజీర దిక్కు ఊరు. నాయిన మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. అమ్మ చేపలు అమ్ముతుంది. మా ఇంట్లో చేప అంటే నా కాలేజీ ఫీజు. వాళ్ల దగ్గర చేప అంటే ఫోటో. నాకు రెండూ అర్థమవుతాయి, నా ఇబ్బంది అంతా అక్కడే.

ఫ్లై ఫిషింగ్‌కు పుట్టిల్లు ట్రౌట్ నది. ట్రౌట్ నది అనగానే వెనకాలే ప్రైవేట్ క్లబ్ వస్తుంది. ఇంగ్లండ్‌లో టెస్ట్ నది మీద హౌటన్ క్లబ్ 1822లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. చేరాలంటే డబ్బుంటే చాలదు, లోపలివాళ్లు పిలవాలి. ఇంగ్లీషువాళ్లు ఈ సరదాను వెళ్లిన చోటల్లా మోసుకెళ్లారు. కశ్మీర్‌కు 1899లో తెప్పించిన ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో మళ్లీ వచ్చినవి బతికాయి. తర్వాత నీలగిరుల్లో, మున్నార్ టీ తోటల వాగుల్లో వదిలారు. మున్నార్‌లో తోటల దొరలు హై రేంజ్ ఆంగ్లింగ్ అసోసియేషన్ అని ఒకటి పెట్టుకుని మరీ ఆ వాగులను చూసుకున్నారు. అంటే మనం ఇన్‌స్టాలో హిమాచల్ 'వైల్డ్ ట్రౌట్' అని లైకులు కొట్టేదంతా ఒకప్పుడు ఓడెక్కి వచ్చిన చేప సంతానమే.

హైదరాబాద్‌కు అది రాలేదు, రాలేదు కూడా. ట్రౌట్‌కు 20 డిగ్రీల లోపు చల్లటి నీళ్లు, నిండా ఆక్సిజన్ కావాలి. మే నెలలో మన చెరువులో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో నీళ్లను చల్లబరిచి, శుద్ధి చేసి మళ్లీ మళ్లీ తిప్పే పద్ధతిలో ట్రౌట్ పెంచుతున్నారు గానీ అది ఫారం. అక్కడ గాలం విసిరితే అది వేట కాదు, షాపింగ్.

కాబట్టి మా ఆఫీసు బృందం కన్ను కొర్రమీను మీద పడింది. 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప. పైకి వచ్చి గాలి పీల్చుకుని బతికే చేప, కాబట్టి ఎండకూ, తక్కువ నీళ్లకూ జంకదు. నీటి మీద కప్పలా గెంతే ఎర కనబడితే అసలు ఊరుకోదు. నీళ్లు బద్దలైనట్టు చప్పుడొస్తుంది. ఒక్కసారి ఆ దెబ్బ రాడ్ మీద తగిలితే ట్రౌట్ గురించి ఎవరూ మాట్లాడరు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆ బృందం రెండు పేజీల ప్లాన్ రాసింది. పదకొండు మంది సభ్యులు. ఒక చెరువును ఐదేళ్లు లీజుకు తీసుకోవాలి. వల పూర్తిగా బంద్. పట్టిన ప్రతి చేపనూ ఫోటో తీసి నీళ్లలో వదిలెయ్యాలి. సభ్యులు కానివాళ్లు గట్టు మీదికి రాకూడదు. ఇద్దరు కాపలా మనుషులు, నీటి పరీక్షలకు ఏటా కొంత డబ్బు. సంఘానికి ఇచ్చే మొత్తం, చేపలు పట్టి అమ్మితే సంఘానికి మిగిలేదానికంటే ఎక్కువే. ఆ లెక్క నాకు ఇంట్లో నోటికి వచ్చు కాబట్టి ఖాయంగా చెప్తున్నా. చెరువు మా ఊరిది. నాయినతో మాట్లాడే పని నాది.

నాకు ఆ ప్లాన్ నచ్చింది. డబ్బు గురించి కాదు. ఇంగ్లండ్‌లో డెర్బీ అనే ఊళ్లో చేపలు పట్టేవాళ్ల క్లబ్ ఒకటి, డెర్వెంట్ నదిని పాడుచేస్తున్నారని ఒక పెద్ద సింథటిక్ బట్టల కంపెనీ మీద, ఆ ఊరి కార్పొరేషన్ మీద, కరెంటు సంస్థ మీద కలిపి కేసు వేసింది. 1952లో గెలిచింది. నదిలో చేపలు పట్టే హక్కు ఆ క్లబ్ పేరు మీద కాగితంలో ఉండటమే దానికి బలం. నీళ్లు అందరివీ అంటే ఎవరూ కోర్టుకు వెళ్లరు. నీళ్లు నావి అని కాగితం ఉన్నవాడు వెళ్తాడు. మాకు ఇది ఎందుకు పట్టాలంటే, పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల మురుగు నక్కవాగు గుండా మంజీరలో కలిసిన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేనుండే చందానగర్‌లో మంజీరా పైప్‌లైన్ రోడ్డు అనే రోడ్డు ఉంది, మా ఊరి దిక్కు నీళ్లు దాని కిందినుంచే సిటీకి వచ్చాయి. ఇక్కడ ఆ పేరు లొకేషన్ పంపడానికి పనికొస్తుంది. అక్కడ అది నాయిన తెప్ప వేసే నది.

కావేరి ఉదాహరణ కూడా నా మనసులో ఉంది. బెంగళూరులో 1972లో మొదలైన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా, కావేరిలో కొంత భాగం లీజుకు తీసుకుని పట్టి వదిలేసే పద్ధతి పెట్టింది. అక్కడి చేప మహసీర్. 1946లో ఒకాయన గాలానికి పడినది 120 పౌండ్లు, అంటే 54 కిలోల పైమాట. నాటుబాంబులతో చేపల్ని చంపేవాళ్లకే కాపలా ఉద్యోగాలిచ్చారు. నది బాగుపడింది. మరి ఆ కథ అక్కడితో ఆగిందా? లేదు. కావేరి సొంత చేప మూపురం మహసీర్. చేపలు పెరగాలని వేరే నదుల జాతి పిల్లల్ని హేచరీ నుంచి తెచ్చి అందులో వదిలారు. కొత్తది పెరిగింది, పాతది అడుగంటింది. ఈ సంగతి బయటపడింది కూడా 1998 నుంచి 2012 దాకా గాలం వేసేవాళ్లు క్యాంపులో రాసుకున్న లెక్కల పుస్తకాల వల్లే. 2018లో మూపురం మహసీర్‌కు శాస్త్రీయ నామం ఖాయమైంది, అదే ఏడాది 'అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి' అని జాబితాలో చేరింది. అప్పటికే అభయారణ్య చట్టం కింద 2012 నాటికి అక్కడ గాలాలు ఆగిపోయాయి. క్లబ్ మంచిదా చెడ్డదా అని నన్నడిగితే ఈ కావేరి మొత్తం చెప్పాల్సి వస్తుంది. స్టేటస్‌లో పట్టదు.

ఆదివారం ఊరికి వెళ్లాను. నాయిన వాకిట్లో వల కుడుతున్నాడు. ప్లాన్ మొత్తం విని మొదట అడిగింది ఇదీ:

"పట్టి ఇడిసిపెడ్తరా?"

"ఔ నాయిన."

"మల్లెందుకు పట్టుడు?"

ఆట కోసం అన్నాను. ఆయన నవ్వలేదు. పైసలు కట్టి ఆడే ఆట అంటే ఆయనకు తెలుసు, క్రికెట్ చూస్తాడు. కాసేపు వల కుట్టి, "ఏప్రిల్‌ల చెర్వు ఎండుతది గదా బిడ్డా. ఇడిసిపెట్టిన చేప అప్పుడు యాడికి పోతది?" అన్నాడు.

పీడీఎఫ్‌లో దీనికి జవాబు లేదు. నది పారుతుంది కాబట్టి వదిలిన చేప ఇంకో మడుగుకు పోతుంది, గుడ్లు పెడుతుంది. మన చెరువు ఏటా నిండి, ఏటా అడుగంటే గిన్నె. రవ్వ, బొచ్చె నిలవ నీళ్లలో పిల్లలు పెట్టవు, వాటికి పారే వరద నీళ్లు కావాలి. అందుకే వానలు పడ్డాక పిల్ల తెచ్చి పోస్తారు. 2016 నుంచి సర్కారు ఉచితంగా పిల్ల ఇస్తోంది. పోసిన పిల్ల ఎండాకాలం లోపల వలలోకి రావాల్సిందే. లేకపోతే బురదలో చచ్చి, కొంగలకూ కుక్కలకూ పోతుంది. పట్టి వదిలేయడం అనే దయ టెస్ట్ నదిలో దయే. మా చెరువులో అది ఏప్రిల్ దాకా వాయిదా వేసిన చావు.

సాయంత్రం సంఘం కూర్చుంది. నేను ఫోన్‌లో పీడీఎఫ్ పెద్దగా చేసి చదివాను. వాళ్లు వెంటనే కాదనలేదు, అదే నాకు ఆశ్చర్యం. డబ్బు మంచి డబ్బని ఒప్పుకున్నారు. వలలు చింపుకుని చలిలో నీళ్లలో దిగే పని తప్పుతుందని కుర్రవాళ్లిద్దరు గట్టిగానే అన్నారు. ఒకాయన మాత్రం సంఘం తనకున్న హక్కును ఇంకొకరికి ఇయ్యొచ్చో లేదో మత్స్యశాఖ ఆఫీసర్‌ను అడగాలన్నాడు. ఇంకొకాయన, కాపలా ఉద్యోగాలు రెండూ ఎవరి కొడుకులకు ఇస్తారని అడిగాడు. అక్కడ పది నిమిషాలు అరుపులు.

గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మ అప్పుడు నోరు విప్పింది. "లీజు పైసలు సంఘంల మెంబర్లకు పంచుతరు. మెంబర్లంత మొగోళ్లే. చేపలమ్మేది మేము. చేపనే ఒడ్డుకు రాకుంటే నేనేం అమ్మాలె?" అంది. మిరుగం నాడు సంగారెడ్డి మార్కెట్లో అమ్మ సంపాదించేది మా ఇంట్లో ఎవరూ అడగని డబ్బు. మృగశిర కార్తె మొదటిరోజు తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ. ఆ ఒక్క రోజు డబ్బుతోనే నా మొదటి ల్యాప్‌టాప్ అడ్వాన్స్ కట్టింది. రెండు పేజీల ప్లాన్‌లో 'స్థానికులకు లాభం' అనే పేరా ఉంది. అందులో అమ్మ లేదు.

గట్టు సంగతి తర్వాత వచ్చింది. గట్టు మీదికి సభ్యులు తప్ప ఎవరూ రాకూడదంటే బతుకమ్మ ఎక్కడ వేస్తారు? బర్రెలు ఎక్కడ దిగుతాయి? పీడీఎఫ్ రాసినవాళ్లు దుర్మార్గులు కాదు. వాళ్లకు చెరువంటే గూగుల్ మ్యాప్‌లో నీలిరంగు మచ్చ, దాని చుట్టూ గీత గీయొచ్చు. చందానగర్‌కు దగ్గర్లోనే అమీన్‌పూర్ చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమని ప్రకటించారు. దాని చుట్టూ లేచిన బిల్డింగుల బాల్కనీల్లోంచి చూస్తే ఎవరికైనా చెరువంటే బొమ్మలాగే కనిపిస్తుంది.

చివరికి నాయిన మాట్లాడాడు. ఆయన చెప్పింది మాత్రం మా బృందంలో పదేళ్ల నుంచి గాలం వేస్తున్నవాళ్లకు కూడా తట్టని విషయం. వానాకాలంలో కొర్రమీను గుడ్లు పొదిగాక పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి మీద తిరుగుతుంటాయి. తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. పిల్లల మీదికి ఏమొచ్చినా కొడతాయి. ఆకలికి కాదు, కోపానికి. మా బృందం వీడియోల్లో చూసి మురిసిపోయే దెబ్బలు చాలావరకు అవే. "పిల్లల మీదున్న మీనును పట్టి, ఫోటో దిగి, ఐదు నిమిషాలకు ఇడిసిపెట్టినవనుకో. ఆ ఐదు నిమిషాలల్ల పరకలు, జెల్లలు, పాములు సగం పిల్లలను తింటయి. నువ్వు ఒక్కదాన్నే ఇడిసిపెట్టినవ్. ఎయ్యి చంపినవ్." మా సంఘంలో ఆ రెండు నెలలు ఎర్రపిల్ల తిరిగే చోట వల వెయ్యకూడదని కట్టుబాటు ఉంది. కాగితం మీద లేదు. తప్పితే జరిమానా మాత్రం ఉంది.

సోమవారం ఆఫీసులో ఇదంతా చెప్పాను. ఇద్దరు నిరుత్సాహపడ్డారు, ఒకరు వేరే జిల్లాలో చెరువు చూద్దామన్నారు. అన్న మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత క్యాంటీన్‌లో లిటిల్ జునియాటా గురించి చెప్పాడు. పెన్సిల్వేనియాలో బ్రౌన్ ట్రౌట్‌కు పేరుమోసిన నది. ఒక ప్రైవేట్ క్లబ్ ఒడ్డున భూములు లీజుకు తీసుకుని, డబ్బు కట్టినవాళ్లకే గాలం అని బోర్డులు పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వ శాఖలే దాని మీద కోర్టుకు వెళ్లాయి. ఒకప్పుడు ఆ నదిలో సరుకుల పడవలు తిరిగాయని పాత రికార్డులు తీశారు. పడవ తిరిగిన నది ప్రజలదని 2007లో కోర్టు చెప్పింది. మోంటానా రాష్ట్రంలో అయితే 1985 నుంచి చట్టమే ఉంది: నది అడుగు ఎవరి భూమైనా, నీటి గుర్తు లోపల ఎవరైనా నడవొచ్చు, గాలం వేయొచ్చు. అన్న ఆ జునియాటాలో నడుములోతు నీళ్లలో నిలబడి చేపలు పట్టాడట. "ఒడ్డెక్కితే పోలీసులు, నీళ్లలో ఉంటే హక్కు. సాయంత్రందాకా ఒడ్డెక్కలేదు," అని నవ్వాడు. నవ్వి, "అక్కడ నేను బోర్డుకు బయటివాణ్ని. ఇక్కడ బోర్డు నేనే రాశాను," అన్నాడు. ఆ ప్లాన్ రాసింది ఆయనే.

నాకు ఇప్పటికీ అనిపించేది ఒకటుంది. డెర్బీ క్లబ్ గెలిచింది కాగితం వల్ల. అలాంటి కాగితం మా ఊళ్లో ఉంది, నాయిన వాళ్ల సంఘం బీరువాలో ఉంది. నీళ్ల మీద రంగు తేలినా, చేప తేలి చచ్చినా, ఇది మా జీవనం అని అడగగల హక్కు వాళ్లది. లేనివి నీటి పరీక్షకు డబ్బు, అర్జీ రాసే చెయ్యి, వకీలు ఫోన్ నంబరు. అవి పదకొండు మంది దగ్గరా ఉన్నాయి. వాటిని ఇవ్వడానికి చెరువును తీసుకోవాలా? ఈ ప్రశ్న గ్రూపులో పెట్టాను. ఐదు థంబ్స్‌అప్‌లు వచ్చాయి. థంబ్స్‌అప్ అంటే ఔననో, చూశాననో ఎవరికి తెలుసు.

రెండు వారాల తర్వాత సంఘం నుంచి ఎదురు ప్లాన్ వచ్చింది. స్కూలు నోట్‌బుక్ పేజీలో, నాయిన పక్కన కూర్చుని ఒక పిల్లాడు రాశాడు. లీజు లేదు. దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా నెలకు రెండు ఆదివారాలు గాలం వేసుకోవచ్చు, ఒక్కో గాలానికి ఇంత. వానాకాలం బంద్, రాజీ లేదు. బయటి చేప ఏదీ చెరువులో వెయ్యకూడదు. ఏడాదికి రెండుసార్లు నీటి పరీక్ష ఖర్చు బృందానిది, రిపోర్టు సంఘానిది. వండిపెట్టే పని కావాలంటే ఆడవాళ్లకు విడిగా డబ్బు, అది వాళ్ల చేతికే. ఆఖరు లైను నాయినదేనని చూడగానే తెలిసింది: పట్టిన చేప సంఘానిది, ఫోటో మీది.

అన్న వెంటనే ఒప్పుకున్నాడు. నలుగురు ఒప్పుకున్నారు. ముగ్గురు వదిలేయని చేపను పట్టడం తమ సిద్ధాంతానికి విరుద్ధమని తప్పుకున్నారు. వాళ్ల మీద నాకు గౌరవమే ఉంది. మిగిలినవాళ్లు ఇంకా చూస్తున్నారు, బ్లూ టిక్కులు మాత్రం కనిపిస్తున్నాయి. మొదటి నీటి పరీక్షకు సీసాలు మొన్న నేనే మోసుకొచ్చాను, ఎంఎంటీఎస్‌లో ఒళ్లో పెట్టుకుని. రిపోర్టు ఇంకా రాలేదు.

నాయిన నిన్న ఫోన్ చేశాడు. పుంజును కోశారట, మెడ ఈకలు పారెయ్యకుండా కవర్‌లో కట్టి పెట్టాడట. "ఎర్రగున్నయ్, మస్తున్నయ్. దేనికన్న పనికొస్తయా?" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, ఆ దొంగ పురుగుకు రవ్వ కూడా పడుతుందా, ఒక్క కొర్రమీనేనా అని అడిగాడు.